సాగరపు టొడ్డున మూడు నడకలు



పలనాడనగానే నాపరాళ్లు, జొన్నచేలు, మండుటెండలు జ్ఞప్తికి వచ్చును. ఈ సీమ నీటికరవును, జొన్నకూటిని పరిహసించు చాటువులు శ్రీనాథుని పేర నేటికిని వాడుకలో నున్నవి. అట్టి సీమ పడమటి యంచున నేడు నాగార్జునసాగరము కడలివలె నిండియున్నది. 1955 డిసెంబరు 10వ తేదీన నెహ్రూగారు దానికి పునాదిరాయి వేసిరి. 1967 ఆగస్టు 4వ తేదీన ఇందిరాగాంధిగారు కాలువలకు నీరు విడిచిరి. నాటినుండి ఏటేట వేలకొలది కుటుంబములు చూడవచ్చుచున్నవి. కాని వారిలో పెక్కండ్రు స్త్రీలు బండిలో గూర్చుండి ఆనకట్టను జూచి, పిల్లలకు అన్నముపెట్టి, గిన్నెలు సర్దుకొని మరలిపోవుదురు. ఈ సీమ కథ బండిలోనివారికి తెలియదు, కాలినడకనే తెలియవలయును. ఇల్లాండ్రును పిల్లలును సుఖముగా నడువదగిన మూడు త్రోవలను ఇచ్చట చెప్పుచున్నాము.

మొదటిది ఎత్తిపోతల. మాచర్లనుండి సాగరమునకు బోవు త్రోవలోనే, ఆనకట్టకు సుమారు 11 కిలోమీటర్ల దూరమున నున్నది. మాచర్ల నొరసి వచ్చు చంద్రవంక యిచ్చట 70 అడుగుల యెత్తునుండి లోయలోనికి దుముకును. ఎండిన కొండల నడుమ ఆ తెల్లని ధార కన్నులకు పండువు. చెంతనే దత్తాత్రేయస్వామికిని మధుమతీదేవికిని గుళ్లు కలవు. మడుగున మొసళ్లుండును గనుక పిల్లలను నీటిదరికి పోనీయరాదు.

రెండవది అనుపు. విజయపురి దక్షిణమునకు సుమారు 8 కిలోమీటర్లు. ఇచ్చటి కట్టడములు ఇచ్చట పుట్టినవి కావు. క్రీస్తుశకము మూడు, నాలుగు శతాబ్దములలో ఇక్ష్వాకు రాజులకు రాజధానియైన విజయపురి నేడు జలాశయము క్రింద నున్నది. ఆ శిథిలముల జాడ 1926లో బయల్పడెను. ఆనకట్ట నిశ్చయమైన పిమ్మట, 1954 మొదలు 1960 వరకు ఆర్. సుబ్రహ్మణ్యముగారి యాజమాన్యమున లోయ నంతటిని త్రవ్వి, ముఖ్యములైన కట్టడములను విప్పి, రాతిమీద రాయి పేర్చి మిట్టప్రదేశములందు మరల నిలిపిరి. అనుపునందు మెట్లుగల రంగస్థలమును, హారీతి గుడియు అట్లు వచ్చినవే. రంగస్థలము నడుమ నిలిచి మెల్లగా పలికినను పైమెట్టువరకు వినవచ్చునందురు. పిల్లలు పరీక్షించి చూడవచ్చును. హారీతి పూర్వము పరుల బిడ్డలను భక్షించిన యక్షిణి. బుద్ధుడు ఆమె ముద్దుబిడ్డను దాచగా, తల్లికడుపుకోత యెట్టిదో తెలిసికొని, నాటినుండి బిడ్డలనెల్ల కాపాడు తల్లియయ్యెనని కథ.

మూడవది నాగార్జునకొండ. పూర్వము లోయ మధ్యనున్న కొండ నేడు నీటిమధ్య ద్వీపము. విజయపురినుండి పడవమీద పోవలయును. పడవ నడచు దినములు ముందుగా విచారించుకొనుట మేలు. కొండమీద 1966లో తెరచిన పురావస్తుశాలయు, మరల నిలిపిన మహాచైత్యము మొదలగునవియు కలవు. ఆ మహాచైత్యమును నిలిపినది వీరపురుషదత్తుని మేనత్తయగు చాంతిసిరి. రాజకుటుంబముల స్త్రీలే దానమిచ్చిరనుకొనవలదు. బోధిసిరియను ఉపాసిక సింహళభిక్షువులకై చైత్యగృహము కట్టించి, ఆ పుణ్యమును అత్తింటివారికిని పుట్టినింటివారికిని పేరుపేరున పంచుచు శాసనము వ్రాయించెను. మరియొకచోట చెరువు త్రవ్వించినట్లును అందే కలదు. నీటి విలువ నెరిగిన పలనాటి యిల్లాలు చేయదగిన ధర్మమే కదా!

కార్తీకమునుండి మాఘమువరకు ఈ నడకలకు తగిన కాలము. నాపరాయి యెండకు త్వరగా కాగును గనుక ఉదయముననే బయలుదేరవలయును. గట్టి చెప్పులు, త్రాగునీరు, తలపై చెంగు మరువరాదు. చుట్టుపట్ల కొండలలో పెద్దపులులను కాపాడు అడవి కలదు. కావున బాట విడిచి లోనికి పోరాదు.

తుదకొక్క మాట. ఈ నీరు దిగువ మాగాణులను పండించినది. దానికై లోయలోని పుల్లారెడ్డిగూడెము వంటి పల్లెలు మునిగిపోయినవి. ఎందరో ఇల్లాండ్రు తమ పొయ్యిని, తులసికోటను, వాకిటి ముగ్గును విడిచి పోయిరి. చాంతిసిరి, బోధిసిరుల పేర్లు రాతిమీద నున్నవి గనుక మనము చదువగలుగుచున్నాము. ఈ తల్లుల పేర్లను చెక్కిన రాయి లేదు. వారి కథలు నేటికిని ఆ యిండ్ల మనుమరాండ్ర నోటనే యున్నవి. సాగరమునకు బోయినపుడు ఒడ్డున కొంతదూరము నడువుడు. ఆ ప్రాంతపు ముత్తవ్వ యెవరేని కనబడినచో కూర్చుండబెట్టి, ఊరి పేరడిగి, ఆమె చెప్పినది మీ బిడ్డలచేత వ్రాయింపుడు. రాతికి దక్కని పేర్లు కాగితమునకైనను దక్కును.