వట్టిపోయిన ఆవు, నాటు ఆనపపాదు

తూర్పు కనుమల అడుగున, పాడేరు ఘాట్ ఎక్కడానికి ముందు తగిలే మాడుగుల పేరు చెప్పగానే బయటి ఊళ్లవారికి హల్వా గుర్తుకు వస్తుంది గాని, 2022 ఏప్రిల్‌లో ఏర్పడిన అనకాపల్లి జిల్లాలోని ఈ మండలం నిజానికి వరి, చెరకు పండించే చిన్న కమతాల ప్రాంతం. ఇటువంటి చోట ఎకరం, రెండెకరాల చెలకలో పాలివ్వని పశువును చేరదీసి సాకడం, కొన్న విత్తనం మాని ఇంట్లో దాచిన విత్తనంతో కూరపాదులు పెట్టడం అనే రెండు పనులు వేరువేరు సరదాలుగా కనిపించినా, వ్యవసాయపు లెక్కలో ఒకదాని బరువును మరొకటి మోస్తుంది.

ఒకప్పుడు పశువు సాలలో ఉండడానికి పాలొక్కటే కారణం కాదు; ఎద్దు దుక్కి దున్నేది, బండి లాగేది, కళ్లంలో నూర్పు తొక్కేది, ఈతలు ఉడిగిన ఆవు కూడా పెంటకుప్పకు పేడ ఇచ్చేది. ట్రాక్టర్ వచ్చి ఎద్దు పనిని, యూరియా బస్తా వచ్చి పేడ పనిని తీసుకున్నాక పశువుకు పాలు తప్ప మరో లెక్క మిగలలేదు. 2019 పశుగణన ప్రకారం, అంతకు ముందరి 2012 గణనతో పోలిస్తే, దేశంలో నాటు పశువులు సుమారు 6 శాతం తగ్గగా విదేశీ, సంకరజాతి పశువులు 27 శాతం వరకు పెరిగాయి. ఎరువును, సంకర విత్తనాన్ని బజారు నుంచి తెచ్చుకునే చేనుకు ముసలి ఆవుతో పని లేదు కనుక, ఇంటి విత్తనం గడప దాటిన దారినే అదీ దాటిపోయింది.

అలా వదిలేసిన పశువులకు కొత్త ఇల్లు వెతికే పనిలో దేవాలయాలకు అనుకోని పాత్ర దక్కింది. సింహాచలం అప్పన్నకు భక్తులు మొక్కుగా సమర్పించే కోడెదూడలన్నిటినీ గోశాలలోనే ఉంచడం సాధ్యం కాక రైతులకు అప్పగించే ఏర్పాట్లు జరిగాయి. తిరుమల తిరుపతి దేవస్థానం కూడా తన గోశాలల్లోని పాలివ్వని ఆవులను, ఎద్దులను ప్రకృతి వ్యవసాయం చేసే రైతులకు ఉచితంగా ఇచ్చింది. మొక్కు తీర్చుకున్న భక్తుడికి ఆ దూడ తరువాత ఏమైందో పట్టకపోవడం ఈ ఆచారంలోని లోటే, కాని దానిని దిద్దే పని చివరకు చిన్న రైతు సాల దగ్గరే జరుగుతున్నది.

ప్రకృతి వ్యవసాయం అంటే రసాయన ఎరువులు, పురుగుమందులు లేకుండా నేలలోని సూక్ష్మజీవులను పెంచి పంట తీసే పద్ధతి. ఆంధ్రప్రదేశ్‌లో రైతు సాధికార సంస్థ దీనిని 2016 నుంచి ప్రభుత్వ కార్యక్రమంగా నడుపుతున్నది. ఇందులో ప్రధానమైన, నేలకు పోసే ద్రవజీవామృతం తయారీకి ఎకరానికి 10 కిలోల పేడ, 5 నుంచి 10 లీటర్ల మూత్రం, 2 కిలోల బెల్లం, 2 కిలోల పప్పుపిండి, గుప్పెడు గట్టుమట్టి కావాలి. వీటిని 200 లీటర్ల నీటిలో కలిపి, నీడలో ఉంచి, పూటపూటకూ కర్రతో తిప్పితే రెండు మూడు రోజుల్లో పులుస్తుంది. బెల్లం ఇక్కడ సూక్ష్మజీవులకు ఆహారం కాబట్టి తెల్లగా నిగనిగలాడవలసిన పని లేదు, నల్లబెల్లమే మేలు. బెల్లం మార్కెట్‌కు పేరుపడిన అనకాపల్లి పక్కనే ఉన్న రైతుకు అది వెతుక్కోవలసిన సరుకూ కాదు. పది కిలోల పేడ అంటే ఒక నాటు ఆవు దాదాపు ఒక రోజులో వేసేది. ఒక్క ఆవు 30 ఎకరాలకు సరిపోతుందన్న ప్రకృతి వ్యవసాయ ప్రచారకుడు సుభాష్ పాలేకర్ మాటపై వాదాలు ఎన్ని ఉన్నా, రెండెకరాలవాడికి వట్టిపోయిన ఆవు ఒకటి చాలునన్నది మాత్రం తేలికగా లెక్క కట్టగలిగిన సంగతి.

అయితే జాలి ఒక్కటే పశువును సాకదు. కొత్తగా వచ్చినదాన్ని రెండు మూడు వారాలు వేరుగా కట్టి, గాలికుంటు, గొంతువాపు టీకాలు వేయించి, చెవిపోగు మీది 12 అంకెల సంఖ్యను నమోదు చేయించుకున్న తరువాతే మందలో కలపాలి. పట్నం వీధుల్లో తిరిగిన ఆవైతే కడుపులో ప్లాస్టిక్ సంచులు పేరుకుని ఉండవచ్చు గనుక, మేత తింటూనే చిక్కిపోతున్నదంటే పశువైద్యుడికి చూపించాలి. మేతకు వరిగడ్డి ఏడాది పొడుగునా ఉంటుంది, చెరకు నరికే నెలల్లో గడల తలల దగ్గర కోసి పడేసే పచ్చి ఆకు దానికి తోడవుతుంది. పచ్చిమేతకు నిజమైన ఇబ్బంది ఎండాకాలంలోనే.

ఇక విత్తనం సంగతి. నాటు విత్తనం అంటే ఏటేటా అదే పంట నుంచి తీసి దాచుకున్నా తల్లి లక్షణాలు నిలుపుకునేది; రెండు వేరు రకాలను కలిపి పుట్టించిన సంకర విత్తనం నుంచి గింజ తీసి మళ్లీ వేస్తే ఆ లక్షణాలు చెదిరిపోతాయి. చిక్కుడు పువ్వు ఎక్కువగా తన పుప్పొడితో తానే కాయ కడుతుంది కనుక దాన్ని కాపాడుకోవడం సులువు, ఆనపకాయతోనే తంటా. దీని మగపువ్వు, ఆడపువ్వు ఒకే తీగపై విడివిడిగా పూస్తాయి; కీటకాలు ఏ పెరటి పుప్పొడినైనా మోసుకొస్తాయి కాబట్టే ధ్రువీకృత విత్తనానికి అర కిలోమీటరు ఎడం ఉండాలన్న నియమం ఉంది. పెరట్లో అంత ఎడం ఎక్కడిది? అందుకే పొద్దువాలే వేళ, తెల్లని పువ్వులు విచ్చుకునేందుకు ముందు, కింద పిందె ఉన్న ఆడమొగ్గను, కాడ సన్నంగా ఉన్న మగమొగ్గను ఎంచి దారంతో మూతి కడతారు; విచ్చే సమయానికి దారం విప్పి, మగపువ్వు రేకులు తుంచి, పుప్పొడిని ఆడపువ్వు నడిమి భాగానికి అద్ది, మళ్లీ మూసి కట్టి, కాడకు గుర్తుగా రంగు నూలు చుడతారు. ఆ కాయను కూరకు కోయరు. తొక్క చెక్కలా గట్టిపడి, ఊపితే లోపల గింజలు గలగలలాడే దాకా తీగ మీదే వదిలేస్తారు. ఆ తరువాత గింజ తీసి నీడన ఆరబెట్టి, బూడిద కలిపి, వేపాకు వేసిన కుండలో మూతి కట్టి ఉంచుతారు.

ఇలా దాచిన విత్తనాన్ని తిరిగి విత్తుకోవడానికి, ఇచ్చిపుచ్చుకోవడానికి, అమ్ముకోవడానికి కూడా రైతుకు 2001 నాటి మొక్కల రకాల పరిరక్షణ, రైతు హక్కుల చట్టం హక్కు ఇస్తున్నది. రక్షిత రకమైతే దాని విత్తనాన్ని బ్రాండు ముద్రతో అమ్మకూడదన్నదే షరతు. బంధువుల ఇంటికి వెళ్లి కొంగున గుప్పెడు గింజలు ముడివేసుకుని వచ్చే అలవాటు ఆ చట్టం కంటే చాలా పాతది.

తొలకరికి ముందు కుండ మూత విప్పినప్పుడు ఆవూ గింజా మళ్లీ కలుస్తాయి. 20 లీటర్ల నీటిలో 5 కిలోల పేడ, 5 లీటర్ల మూత్రం, 50 గ్రాముల సున్నం, గుప్పెడు మట్టి ఒక రాత్రి నాననిచ్చి చేసే బీజామృతాన్ని, మొలక దశలో వచ్చే తెగుళ్లను అడ్డుకునేందుకు విత్తనాలకు పట్టించి, కాసేపు నీడన ఆరనిచ్చి, పాదుకు మూడేసి గింజలు పెడతారు.