బ్లాక్ లిస్టులో రమ్మీ ఏ గాటన?

ఐపీఎల్ మొదలైతే చాలు, పత్రికల కడప జిల్లా పేజీల్లో ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల పేర్లు బెట్టింగ్ కేసుల పక్కన కనిపిస్తాయి. ఒకప్పుడు మట్కా చీటీ మీద నడిచిన పందెం ఇప్పుడు ఫోన్లోకి చేరింది. ‘ఆ సైట్లన్నీ బ్లాక్ చేసి పారేస్తే పోలా?’ అనడం తేలికే.

అపోహ: ఏది జూదమో అందరికీ తెలిసిందే, జాబితా రాయడమే తరువాయి.

వాస్తవం: చిక్కంతా అక్కడే ఉంది. సికింద్రాబాద్ క్లబ్బు కేసులో 1967లోనే సుప్రీంకోర్టు రమ్మీ మూడు ముక్కలాటలా పూర్తిగా అదృష్టం మీద నడిచేది కాదని, ప్రధానంగా నైపుణ్యం ఆట అని తేల్చింది. 2020లో ఆంధ్రప్రదేశ్ తన 1974 నాటి గేమింగ్ చట్టాన్ని సవరించి, డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధించింది. ఆ అక్టోబరులో అప్పటి ముఖ్యమంత్రి, పులివెందుల ఎమ్మెల్యే వైఎస్ జగన్మోహన్‌రెడ్డి 132 సైట్లు, యాప్‌లను ఆపించాలని కేంద్రమంత్రి రవిశంకర్ ప్రసాద్‌కు లేఖ రాశారు. 2025 ఆగస్టులో వచ్చిన కేంద్ర చట్టమైతే నైపుణ్యమా, అదృష్టమా అన్న వాదననే పక్కన పెట్టింది. డబ్బు కట్టి గెలుపు డబ్బు ఆశించే ఆటలు ఒక వర్గం, ఈ-స్పోర్ట్స్ మరొకటి, సరదా ఆటలు ఇంకొకటి. పేక ముక్కలు అవే, ఆటా అదే. చట్టం గీసిన గీత మాత్రం మారుతూ వచ్చింది.

అపోహ: సైట్లను ఆపే ఫిల్టరు ప్రతి పేజీనీ చదివి మంచీచెడూ తేలుస్తుంది.

వాస్తవం: గుప్తీకరించిన సైట్లలో నెట్ ఇచ్చే కంపెనీకి మామూలుగా కనిపించేది సైటు పేరే, లోపలి పేజీ కాదు. ఆపితే సైటంతా ఆపాల్సిందే. 2014 డిసెంబరులో ఉగ్రవాద ప్రచారం పేరుతో 32 సైట్లను ఆపినప్పుడు ప్రోగ్రామర్ల గిట్‌హబ్, పాత వెబ్ పేజీలు దాచే ఇంటర్నెట్ ఆర్కైవ్ కూడా ఆగిపోయాయి. మరుసటి ఏడాది 857 అశ్లీల సైట్ల జాబితాలో హాస్యం పంచే కాలేజ్ హ్యూమర్ చిక్కింది!

పదాలను బట్టి ఆపే ఫిల్టర్ల తీరు ఇంకా విడ్డూరం. ‘జూదం’ అన్న మాట నిషిద్ధమైతే సభాపర్వం చదవబోయిన విద్యార్థికి ధర్మరాజే దొరకడు. ప్రొద్దుటూరులో బుకీల అరెస్టు వార్త, మ్యాచ్ స్కోరు పేజీ, రేట్లు చూపించి డిపాజిట్ అడిగే సైటు — మూడింటిలోనూ బెట్టింగ్ అన్న మాట ఉండొచ్చు. ఆపాల్సింది మూడోదాన్నే. ‘ఈ సైటు డబ్బు తీసుకుని పందెం కాయిస్తుందా?’ అని అడిగితేనే ఆ తేడా తెలుస్తుంది.

అపోహ: ఒకసారి బ్లాక్ చేస్తే పీడ వదిలినట్టే.

వాస్తవం: పేరు చివర ఒక అంకె చేర్చి అదే సైటు మళ్లీ తెరుచుకుంటుంది. వాట్సాప్, టెలిగ్రామ్ గ్రూపుల్లో నడిచే పందేలు ఈ జాబితాకు అసలే అందవు.

కేంద్రం ఆపించే సైట్ల వివరాలను 2009 నాటి నిబంధనల ప్రకారం గోప్యంగా ఉంచుతారు. తన కంప్యూటర్లలో సొంతంగా ఫిల్టరు పెట్టుకునే కాలేజీ ల్యాబుకు ఆ అడ్డంకి లేదు. జాబితా పెట్టేవారు ప్రతి వర్గానికీ ఒక్క వాక్యంలో నిర్వచనం రాసి, పొరపాటున ఆగిన సైటు గురించి ఎవరికి చెప్పాలో గోడ మీద అంటించాలి.