కంప్యూటరులో మిర్చి యార్డు

“మాస్టారూ, విండోస్ గొప్పదా, లినక్స్ గొప్పదా?” అని తొమ్మిదో తరగతి కుర్రవాడొకడు అడిగాడు.

“నువ్వెప్పుడైనా మీ నాన్నతో గుంటూరు యార్డుకు వెళ్ళావా?” అన్నాను. వెళ్ళాడట. ఐతే సగం జవాబు వాడికి తెలిసినట్లే.

ఫిబ్రవరి, మార్చి నెలల్లో యార్డు సంగతి మీకు చెప్పాలా? మిర్చి టిక్కీలు లారీల్లో వచ్చి దిగుతూనే ఉంటాయి. ఏ సరుకు ముందు కాటా ఎక్కాలి, ఏది ఎక్కడ దింపాలి, ఒకరి సరుకు మరొకరి దానిలో కలవకుండా ఎలా చూడాలి? ఇవన్నీ చక్కబెట్టే ఏర్పాటు ఒకటి ఉండి తీరాలి. కంప్యూటరులో ఆ ఏర్పాటునే ఆపరేటింగ్ సిస్టమ్ అంటారు. ప్రాసెసరు కాటా అనుకోండి. మెమరీ యార్డు నేల. డిస్కు ఊరి బయట ఉన్న కోల్డ్ స్టోరేజి.

నేల నిండిపోతే ఏం చేస్తారు? కొంత సరుకును కోల్డ్ స్టోరేజికి పంపి, కావలసినప్పుడు తెప్పిస్తారు. ఆపరేటింగ్ సిస్టమ్ కూడా అంతే. కాని ఈ రాకపోకలకు పట్టే కాలం చూడండి. తిరిగే పళ్ళెమున్న పాత డిస్కు నుంచి ఒక ముక్క తేవడానికి సుమారు సెకనులో నూరో వంతు పడుతుంది. మెమరీ నుంచి తేవడానికి అందులో లక్షో వంతు చాలు! కంప్యూటరు మూలుగుతున్నదంటే చాలాసార్లు తప్పు కాటాది కాదు, నేల చాలకపోవడమే.

ఆ నేలలో ఆపరేటింగ్ సిస్టమ్ కూడా తన వంతు ఆక్రమిస్తుంది. విండోస్ 11కు కనీసం 4 గిగాబైట్ల మెమరీ ఉండాలని మైక్రోసాఫ్ట్ చెబుతున్నది. తేలికపాటి లినక్స్ ఒక్క గిగాబైటుతోనూ లేచి కూర్చుంటుంది. ఐతే బ్రౌజరులో ఇరవై పేజీలు తెరిచారా, రెండూ చతికిలపడతాయి.

మా పిల్లలు గడియారం పట్టుకుని పోటీ పెట్టారు. ఒకే యంత్రం, ఒకే బొమ్మలు గీసే ప్రోగ్రాము. విండోస్ గెలిచిందన్నారు. తీరా చూస్తే లినక్స్‌లో మొదటిసారి తెరిచిన కాలాన్ని, విండోస్‌లో రెండోసారి తెరిచిన కాలంతో పోల్చారు! రెండోసారికి సరుకు అప్పటికే నేల మీద ఉంటుంది కదా. ముందే హెచ్చరించకపోవడం నా పొరపాటు. మీరు చేసేటప్పుడు ప్రతిసారీ యంత్రాన్ని ఆపి, మళ్ళీ పెట్టి, మూడుసార్లు కొలిచి సగటు తీయండి.

ఇక కావలసినట్లు మలచుకోవడం సంగతి. 1991లో హెల్సింకీ విశ్వవిద్యాలయ విద్యార్థి లినస్ టోర్వాల్డ్స్ లినక్స్ కెర్నెల్ రాసి, దాని సోర్సు కోడును అందరి ముందూ పెట్టాడు. కెర్నెల్ అంటే గింజ. ఆ గింజ చుట్టూ ఎవరికి కావలసిన దూది వారు పెంచుకోవచ్చు. హైదరాబాదులోని ‘స్వేచ్ఛ’ సంస్థ వారు దాన్నే తెలుగులోకి తెచ్చారు. విండోస్‌లోనూ తెలుగు పెట్టుకోవచ్చు, కాని అది మైక్రోసాఫ్ట్ ఇస్తేనే వస్తుంది. 2022 డిసెంబరులో మన రాష్ట్రంలో ఎనిమిదో తరగతి వారికి ఇచ్చిన ఆండ్రాయిడ్ ట్యాబుల లోపల ఉన్నది ఈ గింజే. 2017 నవంబరు నుంచి ప్రపంచంలోని మొదటి 500 సూపర్ కంప్యూటర్లన్నీ దానిమీదనే నడుస్తున్నాయి.

మరి అందరూ మారిపోవచ్చుగా? శుభలేఖలు వేసే డి.టి.పి. షాపు వాణ్ణి అడిగి చూడండి. అతని పేజ్‌మేకరు, అను ఫాంట్లు విండోస్ కోసం తయారైనవి. ఏళ్ళ తరబడి చేసిన పనంతా అందులోనే ఉంది. అతనికి వేగం ముఖ్యం కాదు, పాత ఫైలు తెరుచుకోవడం ముఖ్యం.

2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మామూలు భద్రతా సవరణలు ఆగిపోయాయి. మా బడి యంత్రాలను విండోస్ 11 ఒప్పుకోదు. పాత ఇనుము కింద అమ్మేద్దామన్నారు కొందరు. రెండింటికి లినక్స్ వేశాం. పిల్లలు వాటిమీదే నేర్చుకుంటున్నారు. మూడోదాన్ని మాత్రం ఇంటర్నెట్ తీగ పీకేసి, విండోస్‌తోనే ఉంచాం. పదేళ్ళ ప్రశ్నపత్రాలన్నీ దానిలో, అను ఫాంట్లలో ఉన్నాయి మరి!