డబ్బా మీద పచ్చగడ్డి బొమ్మ: వే ప్రోటీన్ కొనేముందు రైతుగా నేను చూసేవి

పై వీడియోలో రెండు డబ్బాలు విప్పి చూపించాను. లెక్కలు వీడియోలో చెప్తే మళ్లీ మళ్లీ వెనక్కి జరిపి వినాల్సి వస్తది, అందుకే అవి ఇక్కడ రాస్తున్నా.

మా తమ్ముడు కానిస్టేబుల్ ఈవెంట్స్‌కి ప్రాక్టీస్ చేస్తున్నాడు. పొద్దున ఐదింటికే గ్రౌండ్‌లో ఉంటడు. ఒకరోజు మూడు వేలు పెట్టి కిలో డబ్బా తెచ్చి నా ముందు పెట్టాడు. "అన్నా, ఇది గ్రాస్‌ఫెడ్ అంట. చక్కెర కూడా లేదంట, అంతా నాచురల్. ఒకసారి చూడవా" అన్నాడు. డబ్బా మీద కొండలు, పచ్చగడ్డి, నల్ల మచ్చల ఆవు.

అదే నెలలో ఒక కంపెనీ నుంచి నాకు ఫోన్ వచ్చింది. "మీ ఫామ్ పేరు, మీ ఆవు ఫోటో ఇవ్వండి సార్. పొడి మాది, డబ్బా మాది. గ్రాస్‌ఫెడ్ వే అని మీ పాల కస్టమర్లకు అమ్ముకోండి" అన్నారు. పొడి ఎక్కడిదని అడిగితే "ఇంపోర్టెడ్ సార్, మంచిదే" అన్నారు. వెంటనే వద్దన్నానని చెప్తే అబద్ధమైతది. మార్జిన్ బాగుంది, రెండు రోజులు ఆలోచించిన. ఆ రెండు రోజుల్లో తమ్ముడి డబ్బా, వాళ్ల శాంపిల్ డబ్బా పక్కపక్కన పెట్టుకుని చదివితే తెలిసిందే ఈ వ్యాసం.

ముందు వే అంటే ఏందో చూద్దాం. పాలు విరిగాక మిగిలే పసుపుపచ్చ తేట. పాలలో ఉన్న ప్రోటీన్‌లో దాదాపు 80 శాతం కేసిన్, అది గడ్డకట్టి పన్నీరో చీజో అవుతది. మిగిలిన 20 శాతం వే ప్రోటీన్. "మేం పన్నీరు చేస్తాం, ఆ తేటతో పొడి చేయొచ్చా?" అని నన్ను చాలామంది అడిగారు. ఇంట్లో కాదు. పన్నీరుకి మనం పాలను బాగా మరగబెట్టి నిమ్మరసం పోస్తాం కాబట్టి ఆ వేడికి వే ప్రోటీన్ కూడా చాలావరకు పన్నీరులోనే చిక్కుకుంటది. తేటలో మిగిలేది అర శాతం లోపే. పది లీటర్ల పాలు విరగ్గొడితే వచ్చే ఎనిమిది లీటర్ల తేటలో ఉన్న ప్రోటీన్ మొత్తం కలిపి ఒక స్కూపు పొడిలో ఉన్నంత. ఫ్యాక్టరీ వాళ్లు వాడేది ఎక్కువగా చీజ్ తేట. చీజ్‌కి పాలు అంత కాగవు, అందుకే తేటలో ప్రోటీన్ ఎక్కువ నిలుస్తది. అయినా 80 శాతం ప్రోటీన్ ఉన్న పొడి ఒక కిలో రావాలంటే వంద లీటర్లకు పైగా తేట కావాలి. దాన్ని సన్నటి ఫిల్టర్ పొరల గుండా పంపి నీళ్లు, లాక్టోజ్ తీసేసి, వేడిగాలిలో చిమ్మి ఆరబెడతారు. మన తేటను మనం పప్పులో, చపాతీ పిండిలో వాడుకోవడమే నయం. పారబోయొద్దు.

చీజ్ మన దేశంలో తయారయ్యేది తక్కువ. అందుకే ఇక్కడ అమ్ముడయ్యే చాలా బ్రాండ్లలో ముడిపొడి బయటి దేశాలదే. డబ్బా వెనక చిన్న అక్షరాల్లో ఏ దేశమో ఉంటది, మొదట అది చూడండి.

ఇప్పుడు గ్రాస్‌ఫెడ్ సంగతి. మన దగ్గర పశువులకు ఏం వేస్తామో మనకు తెలుసు. వరిగడ్డి, జొన్న చొప్ప, పల్లి కట్టె, నీళ్లుంటే సూపర్ నేపియర్, పాలు కావాలంటే పత్తి చెక్క, తవుడు. మా దొడ్లో కూడా అంతే. నల్లగొండలో ఎండాకాలం పచ్చగడ్డి మీదనే పాడి నడిపే రైతు ఎవరైనా ఉంటే నాకు చూపించండి, వీడియో చేస్తా. నిజంగా మేత మీద బతికే పశువులంటే పాలమూరు వైపు, అమ్రాబాద్ అడవుల్లో మేసే పొడ తూర్పు పశువులు. 2020లో వాటిని దేశీ జాతిగా నమోదు చేశారు. కానీ అవి ప్రధానంగా దుక్కి పశువులు. దూడ తాగగా మిగిలేది రెండు మూడు లీటర్లు. ఆ పాలు ఏ పొడి ఫ్యాక్టరీకీ పోవు.

సేంద్రియానికైతే ఒక పద్ధతి ఉంది. ఎన్‌పీవోపీ గానీ పీజీఎస్ గానీ సర్టిఫికెట్ ఉండాలి, ప్యాకెట్ మీద సేంద్రియ లోగో ఉండాలి. ఆ కాగితాల కోసం మనం ఎంత తిరిగామో మీకు తెలుసు. గ్రాస్‌ఫెడ్‌కి మన దగ్గర అట్లాంటి లోగో లేదు. ఐర్లాండ్‌లో బోర్డ్ బియా అనే సంస్థ ప్రమాణం ఒకటి ఉంది, పాడి ఆవుల మేతలో 95 శాతం గడ్డి ఉండాలంటది. ఇక్కడ మన బుర్ర పెట్టాలి. ఆ 95 శాతం పచ్చి బరువు మీద లెక్క. పచ్చగడ్డిలో 80 శాతానికి పైగా నీళ్లే, దాణా అంతా పొడిదే. 95 కిలోల గడ్డిలో పొడిపదార్థం పదిహేడు కిలోలు అనుకుంటే, 5 కిలోల దాణాలో నాలుగున్నర కిలోలు. అంటే ఎండు లెక్కన గడ్డి 80 శాతం దగ్గర. వాళ్లను తప్పుపట్టడం లేదు, అది కూడా మంచి మేతే. "95" అంకె చూసి ఆవు నోట్లో గడ్డి తప్ప ఇంకేం పడలేదనుకోవద్దు అంతే.

ఇంతకంటే ముఖ్యమైన సంగతి ఇంకోటుంది. పచ్చగడ్డి తిన్న ఆవు పాలలో తేడా ఎక్కడ కనిపిస్తది? ఒమేగా 3, సీఎల్ఏ, వెన్నకు పసుపు రంగునిచ్చే బీటా కెరోటిన్. ఇవన్నీ కొవ్వులో ఉంటాయి. వే పొడి తయారీలో తీసేసేదే కొవ్వు. కాన్సంట్రేట్‌లో ఐదారు శాతం మిగులుతది, ఐసోలేట్‌లో ఒక శాతం లోపే. ప్రోటీన్ మాత్రం గడ్డి తిన్నా దాణా తిన్నా దాదాపు ఒకటే. అంటే గ్రాస్‌ఫెడ్ ఐసోలేట్‌కి అదనంగా పెట్టే డబ్బు ఆవును బాగా చూసుకున్నందుకు అనుకోవచ్చు, నాకు దాని మీద గౌరవమే. ఆరోగ్యం కోసమైతే ఆ డబ్బు నెయ్యి మీద పెట్టండి. గడ్డి గుణం నెయ్యిలోకి పోతది.

మేత విషయంలో నేను అడిగేది వేరే. దాణాకి బూజు పడితే, ముఖ్యంగా పత్తి చెక్క, పల్లి చెక్కలకు, అఫ్లాటాక్సిన్ పుడుతది. ఆవు తింటే అది ఎం1 రూపంలో పాలలోకి వస్తది. కాగబెట్టినా పోదు. 2018లో ఎఫ్ఎస్ఎస్ఏఐ దేశమంతా పరీక్షించిన 6,432 పాల శాంపిళ్లలో 368 ఈ పరిమితి దాటాయి. డబ్బా మీద గడ్డి బొమ్మ కంటే బ్యాచ్ నంబర్‌తో ల్యాబ్ రిపోర్ట్ నాకు ఎక్కువ నమ్మకం. అందులో ప్రోటీన్, సీసం లాంటి లోహాలు, అఫ్లాటాక్సిన్ మూడూ ఉండాలి. రిపోర్ట్ మీద ఉన్న బ్యాచ్, డబ్బా మీద ఉన్న బ్యాచ్ ఒకటేనా చూడండి. రెండేళ్ల కిందటి రిపోర్టు ఒక్కటి చూపించి అన్నింటికీ వాడేవాళ్లున్నారు.

ఇది ఊరికే అనుమానం కాదు. 2024లో కేరళ డాక్టర్ సిరియాక్ అబీ ఫిలిప్స్ బృందం మన మార్కెట్లో దొరికే 36 ప్రోటీన్ పొడులను సొంత డబ్బుతో పరీక్ష చేయించింది. దాదాపు 70 శాతం డబ్బాల మీద రాసిన ప్రోటీన్‌కి లోపల ఉన్నదానికి పొంతన లేదు. మోసం ఎట్ల జరుగుతదో పాలు పోసే రైతుకి చెప్పక్కర్లేదు, యూరియా కలిపే పాలదే అదే కథ. మామూలు పరీక్ష నైట్రోజన్‌ను కొలిచి ప్రోటీన్ ఇంత అని లెక్కగడుతది. గ్లైసిన్, టారిన్ లాంటి చౌక అమైనో ఆమ్లాలు కలిపితే నైట్రోజన్ పెరుగుతది, కాగితం మీద ప్రోటీన్ పెరుగుతది. 2008లో చైనాలో పాలలో మెలమైన్ కలిపింది ఇందుకే, అప్పుడు పసిపిల్లలు చనిపోయారు. పదార్థాల జాబితాలో గ్లైసిన్, టారిన్ విడిగా కనిపిస్తే ఆ డబ్బా పక్కన పెట్టేయండి.

ఇక తమ్ముడి డబ్బా. స్కూపు 35 గ్రాములు, ప్రోటీన్ 21 గ్రాములు. ముందు వైపు "21" పెద్దగా ఉంది, చూస్తే బాగానే ఉంది. భాగిస్తే 60 శాతం. మంచి కాన్సంట్రేట్ 80 దగ్గర, ఐసోలేట్ 90 దగ్గర ఉండాలి. రుచి, కోకో కలిపితే కొంచెం తగ్గుతది, 60కి దిగొద్దు. మరి మిగతాది ఏంది? జాబితా బరువు ప్రకారం ఎక్కువ నుంచి తక్కువకు రాస్తారు. అందులో రెండోది మాల్టోడెక్స్‌ట్రిన్. చక్కెర కాదు అని అమ్మొచ్చు, ఒంట్లోకి పోయాక అది గ్లూకోజే. మూడు వేలకు 600 గ్రాముల ప్రోటీన్, గ్రాముకు ఐదు రూపాయలు. మా ఇంట్లో కందిపప్పు కిలో 150కి కొన్నదే. అందులో 220 గ్రాముల ప్రోటీన్, గ్రాముకు డెబ్బై పైసలు కూడా పడదు. వే ప్రోటీన్ పప్పుకంటే బాగా జీర్ణమైతది, కండకు కావాల్సిన లూసిన్ ఎక్కువ, ఆ మాట ఒప్పుకోవాలి. ఏడింతల ఎక్కువ మాత్రం కాదు.

తీపి సంగతి ఇంకా విచిత్రం. ముందు "స్టీవియాతో సహజ తీపి" అని ఉంది. వెనక ఐఎన్ఎస్ 960 ఉంది, అది స్టీవియానే. దాని పక్కనే 955 కూడా ఉంది. అది సుక్రలోజ్, ఫ్యాక్టరీ తీపి. 950, 951 కనిపించినా అంతే, ఎసిసల్ఫేమ్, ఆస్పర్టేమ్. ఈ నాలుగు అంకెలు ఫోన్‌లో రాసి పెట్టుకోండి. స్టీవియా ఆకు మన దొడ్లో పెంచుకోవచ్చు గానీ డబ్బాలో పడేది ఆకు కాదు, దాని నుంచి శుద్ధి చేసిన తెల్లపొడి. బరువు తగ్గడానికి ఇట్లాంటి తీపి పదార్థాల మీద ఆధారపడొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో చెప్పింది, ఆ జాబితాలో స్టీవియా కూడా ఉంది. బెల్లం, ఖర్జూరం అని రాసినవి సహజమే, చక్కెర లెక్కలో మాత్రం చక్కెరే. షుగర్ ఉన్నోళ్లు గుర్తుపెట్టుకోవాలి. నా ఓటు ఏ తీపీ, ఏ వాసనా లేని ఉత్త పొడికి. జాబితాలో ఒకటి రెండు పేర్లే ఉంటాయి, దాచడానికి చోటుండదు. అరటిపండు కలుపుకుంటే అయిపోయె.

తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ లెక్క ప్రకారం కిలో బరువుకు రోజుకు 0.83 గ్రాముల ప్రోటీన్ చాలు. 60 కిలోల మనిషికి 50 గ్రాములు. ప్రోటీన్ పొడులు రోజూ వాడడం మంచిది కాదని కూడా ఆ సంస్థ 2024 మార్గదర్శకాల్లో రాసింది. పరుగులు తీసే తమ్ముడికి మామూలు మనిషికంటే ఎక్కువ కావాలి, నిజమే. రెండు గుడ్లు, పల్లీలు, పప్పు, అర లీటరు పాలు వేస్తే చాలావరకు అందుతది. కిడ్నీ సమస్య ఉన్నోళ్లు డాక్టర్‌ను అడగకుండా ముట్టొద్దు. పాలు పడక కడుపు ఉబ్బేవాళ్లు కొనాల్సే వస్తే ఐసోలేట్ చూసుకోవాలి, అందులో లాక్టోజ్ తక్కువ.

తమ్ముడు ఆ డబ్బా అయిపోయేదాకా వాడతా అన్నాడు, మూడు వేలు గదా. తర్వాత మాత్రం తీపి లేని ఉత్త కాన్సంట్రేట్ అరకిలో తెప్పించుకున్నాడు, ప్రాక్టీస్ ఉన్న రోజుల్లో ఒక్క స్కూపు. మా నాయిన అది నోట్లో వేసుకుని "ఎండిన పాలడబ్బా లెక్క ఉందిరా" అన్నాడు.

ఆ కంపెనీకి నేను మూడు ప్రశ్నలు రాసి పంపిన. ఏ దేశం పాలు, గ్రాస్‌ఫెడ్ అనడానికి ఎవరి కాగితం, ఈ బ్యాచ్ ల్యాబ్ రిపోర్ట్ ఏది. మూడు వారాలైంది. డబ్బాకు ఇంకో నలభై రూపాయలు తగ్గిస్తాం అన్న మెసేజ్ ఒకటే వచ్చింది.