వర్చువల్ మెషిన్ ఫైళ్లలో భద్రతా లేబుల్ దోషాలు

వర్చువల్ మెషిన్‌ను ప్రారంభించగానే ‘పర్మిషన్ డినైడ్’ అనే సందేశం వచ్చిందనుకొందాం. డిస్క్ ఫైలు ఉండవలసిన చోటే ఉంది. దాని యజమాని పేరు, చదివే, రాసే అనుమతులు కూడా సరిగానే ఉన్నాయి. అయినా ఫైలు తెరుచుకోవడం లేదు. ఫెడోరా, రెడ్ హ్యాట్ వంటి లినక్స్ వ్యవస్థలలో ఇటువంటప్పుడు ఎస్‌ఈలినక్స్ లేబుల్‌ను అనుమానించాలి. ఈ దోషాన్ని గుర్తించి సరిచేసే పద్ధతిని ఇప్పుడు తెలుసుకొందాం.

లేబుల్ అవసరం ఏమిటి?

లిబ్‌వర్ట్ సేవ నడిపే వర్చువల్ మెషిన్లన్నీ సాధారణంగా ఒకే యూజర్ పేరుతో నడుస్తాయి. కాబట్టి మామూలు అనుమతులు వాటిని ఒకదాని నుంచి మరొకదాన్ని వేరు చేయలేవు. 2009లో ఫెడోరా 11తో వచ్చిన ‘ఎస్‌వర్ట్’ ఈ లోటును తీర్చింది. మెషిన్ ప్రారంభమైనప్పుడు 0 నుంచి 1023 వరకు ఉన్న సంఖ్యలలో ఒక జతను ఎంచి, ఆ మెషిన్ ప్రాసెస్‌కూ దాని డిస్క్ ఫైలుకూ ఒకే జతను లేబుల్‌గా ఇస్తుంది. ఇటువంటి జతలు 5,23,776 సాధ్యం. దాడి చేసినవాడు ఒక మెషిన్ దాటి బయటికి వచ్చినా, జత కలవనందున పక్క మెషిన్ డిస్క్‌ను తాకలేడు.

దోషం ఎలా వస్తుంది?

1. ‘ఎంవీ’ కమాండ్‌తో తరలించిన ఫైలు తన పాత లేబుల్‌నే వెంట తెచ్చుకొంటుంది. ‘సీపీ’తో చేసిన కొత్త నకలు మాత్రం చేరిన డైరెక్టరీకి తగిన లేబుల్ పొందుతుంది.
2. డిస్క్ ఫైలు మరొక మూల ఫైలుపై ఆధారపడి ఉండి, ఆ సంగతి లిబ్‌వర్ట్‌కు తెలియకపోతే మూల ఫైలుకు లేబుల్ పడదు.
3. ఫైలు ఎన్‌ఎఫ్‌ఎస్ నిల్వలో ఉంటే ‘వర్ట్_యూజ్_ఎన్‌ఎఫ్‌ఎస్’ అనే అనుమతిని విడిగా ఇవ్వవలసి రావచ్చు.

సరిచేసే క్రమం

ముందుగా ఆడిట్ లాగ్‌లో ‘ఏవీసీ’ నమోదును వెతకండి. ఏ ప్రాసెస్‌ను, ఏ ఫైలు దగ్గర, ఏ పని చేయనీయలేదో అందులో ఉంటుంది. అటువంటి నమోదు లేకపోతే, మామూలు అనుమతులను మళ్లీ పరిశీలించండి. తరువాత ‘ఎల్‌ఎస్ -జెడ్’ కమాండ్‌తో ఫైలు లేబుల్‌నూ, అది ఉన్న డైరెక్టరీ లేబుల్‌నూ చూడండి.

డిస్క్ ఫైళ్లను మీరు కొత్త డైరెక్టరీలో ఉంచదలిస్తే, మెషిన్‌ను ఆపి, ‘సెమానేజ్ ఎఫ్‌కాంటెక్స్ట్’ కమాండ్‌తో ఆ డైరెక్టరీకి ‘వర్ట్_ఇమేజ్_టి’ రకం వర్తించాలనే నియమాన్ని నమోదు చేయండి. ఆ నియమాన్ని ‘రీస్టోర్‌కాన్’ ఫైళ్లకు అమలు చేస్తుంది. ‘సీహెచ్‌కాన్’తో నేరుగా మార్చిన లేబుల్‌కు నియమం అండ ఉండదు. వ్యవస్థ మొత్తానికి మళ్లీ లేబుళ్లు వేసినప్పుడు అది పోవచ్చు.

గమనిక: ‘సెట్‌ఎన్‌ఫోర్స్ 0’ ఇస్తే మెషిన్ వెంటనే నడవవచ్చు. అయితే ఆ క్షణం నుంచి ఆ కంప్యూటర్‌లోని మెషిన్లన్నిటి మధ్య ఉన్న అడ్డుగోడ పనిచేయదు. ఒక ఫైలు లేబుల్ తప్పితే ఆ లేబుల్‌నే దిద్దాలి, కాపలాను తీసివేయకూడదు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

ఒకే యూజర్ పేరుతో నడిచే రెండు వర్చువల్ మెషిన్లను ఎస్‌వర్ట్ ఎలా వేరు చేస్తుంది? ‘సీహెచ్‌కాన్’ కంటే ‘సెమానేజ్’ ఎందుకు మేలు?