చీటీలు తీర్చిన సందేహం

క్షయ అనే పేరు వింటేనే ఒకప్పుడు జనం హడలిపోయేవారు. దానికి సరైన మందు లేని కాలంలో రోగిని ఊరికి దూరంగా, గాలీ వెలుతురూ బాగా వచ్చేచోట కట్టిన శానటోరియానికి పంపేవారు. అక్కడ రోగి నెలల తరబడి మంచం మీద విశ్రాంతి తీసుకుంటూ, పాలూ, గుడ్లూ వంటి బలమైన ఆహారం తింటూ ఉండాలి. అంతకు మించి వైద్యులు చేయగలిగింది చాలా తక్కువ.

1940 తరవాత స్ట్రెప్టోమైసిన్, పాస్, ఐసోనయజిడ్ అనే మందులు ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. మందులు వచ్చినా శానటోరియం అలవాటు మాత్రం పోలేదు. మన దేశంలో రోగులు లక్షల్లో ఉంటే, మంచాలు వేలల్లో ఉండేవి. మంచం దొరికినా కష్టమే. సంపాదించే తండ్రి ఏడాదిపాటు శానటోరియంలో ఉంటే ఇల్లు గడిచేదెట్లా? తల్లి వెళితే పసిపిల్లలను చూసేదెవరు?

"ఇంటి దగ్గరే మందులిస్తే పోదా?" అన్నారు కొందరు.

"ఇరుకు ఇళ్ళు, చాలీచాలని తిండి, విశ్రాంతి సున్న. రోగం కుదరదు సరిగదా, ఇంటిల్లిపాదికీ అంటుకుంటుంది," అన్నారు మరికొందరు.

ఇటువంటి తగవు వాదించుకుంటే తేలదు, లెక్క చూసి తేల్చాలి. ఆ పని కోసం 1956లో మదరాసులో ఒక క్షయ చికిత్సా కేంద్రం వెలిసింది. భారత వైద్య పరిశోధన మండలి, మదరాసు ప్రభుత్వం, ప్రపంచ ఆరోగ్య సంస్థ, బ్రిటిష్ వైద్య పరిశోధన మండలి కలిసి దాన్ని ఏర్పాటు చేశాయి. అక్కడి పరిశోధనకు డాక్టర్ వాలెస్ ఫాక్స్ నాయకత్వం వహించాడు.

వారు మొదట ప్రశ్నను సూటిగా పెట్టుకున్నారు. ఒకే రకం మందులు ఏడాదిపాటు ఇస్తే, ఇంట్లో ఉన్నవారికి శానటోరియంలో ఉన్నవారికి నయమైనట్టే నయమవుతుందా? "ఇల్లు మంచిదా, శానటోరియం మంచిదా?" అని ఊరికే అడిగితే దానికి లెక్క కుదరదు. ఏ మందు, ఎంతకాలం, నయమవటమంటే ఏమిటి అన్నది ముందే నిర్ణయించుకోవాలి.

తరవాత అసలు చిక్కు వచ్చింది. ఎవరు ఇంట్లో ఉండాలి? ఎవరు శానటోరియానికి వెళ్ళాలి? ఆ నిర్ణయం వైద్యుడికి వదిలితే, జాలికొద్దీ జబ్బు ముదిరినవారినే శానటోరియానికి పంపవచ్చు. అప్పుడు అక్కడ తక్కువమందికి నయమైతే తప్పు శానటోరియానిదా, ముదిరిన జబ్బుదా? రోగుల ఇష్టానికి వదిలినా అంతే. ఇంటి దగ్గర చూసుకునేవారున్న రోగులు ఇంట్లోనే ఉండిపోతారు.

అందుచేత ఆ నిర్ణయాన్ని మనుషుల చేతుల్లోంచి తీసేసి, చీటీలు వేసినట్టుగా అదృష్టానికి వదిలారు. చీటీకి జాలి లేదు, పక్షపాతం లేదు. ముసలివారూ, పడుచువారూ, జబ్బు ముదిరినవారూ, ముదరనివారూ రెండు వైపులా ఇంచుమించు సమంగా పడతారు. మందులు ఇద్దరికీ ఒకటే. ఇక మిగిలిన పెద్ద తేడా, ఇల్లూ శానటోరియమూ!

ఈ పరీక్షకు 193 మంది రోగులను తీసుకున్నారు. అంతమంది ఎందుకు? ఒక కాణీని నాలుగుసార్లు ఎగరేయండి. నాలుగుసార్లూ బొమ్మే పడినా పడవచ్చు. రెండువందలసార్లు ఎగరేస్తే అన్నిసార్లూ బొమ్మ పడటం కల్ల. నలుగురు రోగులతో చేసిన పరీక్ష కూడా అలాగే మోసపుచ్చుతుంది.

నయమైందో లేదో తెలుసుకోవటానికి రోగి ముఖం చూసి ఊరుకోలేదు. కళ్ళెలో క్షయ క్రిములు ఉన్నాయో లేవో పరీక్షించారు, ఊపిరితిత్తులకు ఎక్స్‌రే తీశారు. ఇటువంటి పరీక్షలలో ఆ ఎక్స్‌రేలు చూసేవారికి అవి ఏ పక్షం రోగులవో చెప్పకపోవటం మంచి నియమం. తెలిస్తే, కోరుకున్నదే కంటికి కనబడుతుంది!

ఫలితాలు 1959లో ప్రచురించారు. ఇంట్లో ఉన్నవారు శానటోరియంలో వారికంటే నాసి తిండి తిన్నారు, విశ్రాంతి కూడా తక్కువే. అయినా ఏడాది గడిచేసరికి, లెక్కకు తీసుకున్నవారిలో శానటోరియంలో నూటికి 92 మందికి, ఇళ్ళలో నూటికి 86 మందికి రోగం అణిగింది. ఆ కాస్త తేడా చీటీల తీరువల్ల కూడా రాగలిగినంత చిన్నది.

మరి ఇంట్లోవారికి అంటుకుంటుందన్న భయం మాట? రెండు పక్షాల కుటుంబాలనూ ఐదేళ్ళపాటు కనిపెట్టి చూశారు. ఇంట్లో చికిత్స పొందినవారి కుటుంబాలలో జబ్బు ఎక్కువేమీ కాలేదు. మందు పడుతున్న కొద్దీ రోగి నుంచి అంటుకునే ప్రమాదం తగ్గిపోతుంది.

1962లో మన దేశంలో మొదలైన జాతీయ క్షయ నివారణ కార్యక్రమం ఇంటి చికిత్స మీదనే ఆధారపడింది. ఇతర దేశాలవారు కూడా ఈ దారి పట్టారు. నాటి మందులు ఇప్పుడు మారాయి, సాధారణంగా ఆరు నెలలతో చికిత్స ముగుస్తుంది. మదరాసు చెన్నై అయింది. ఆనాటి కేంద్రం జాతీయ క్షయ పరిశోధన సంస్థగా అక్కడే పనిచేస్తూ ఉన్నది.

ఈ పద్ధతిని మీరూ పరీక్షించవచ్చు. విత్తనాలు రాత్రి నానబెట్టి నాటితే త్వరగా మొలుస్తాయంటారు కదా? నలభై చిక్కుడు గింజలు తీసుకుని, కళ్ళు మూసుకుని ఇరవై ఏరి నానబెట్టండి. మిగిలిన ఇరవై పొడిగా ఉంచండి. మర్నాడు అన్నీ ఒకే మట్టిలో, ఒకే లోతున నాటి, సమంగా నీరు పోయండి. మొలక పైకి కనిపించిన రోజే మొలిచినట్టు లెక్క అని ముందుగానే రాసిపెట్టుకోండి. రోజూ ఎన్ని మొలిచాయో లెక్కబెట్టి రాయండి. గింజలు ఏరేటప్పుడు మాత్రం కళ్ళు తెరవకూడదు, బాగా బలిసిన గింజల మీదికి చెయ్యి తనంతట తానే పోతుంది!