విశ్వవిద్యాలయమున మొదటి యేటి రేఖీయ బీజగణితము

మన పాఠశాలను విడిచి ఉన్నత విద్యకు పోవు బాలబాలికలలో గణితమునో, ఇంజనీరింగునో, కంప్యూటరు శాస్త్రమునో ఎన్నుకొనువారు తరచుగా మొదటి సంవత్సరముననే ‘లీనియర్ ఆల్జీబ్రా’ అను పాఠ్యాంశమును చదువవలసియుండును. తెలుగున దీనిని రేఖీయ బీజగణితమందురు. అంతవరకు గణితమున మంచి మార్కులు తెచ్చుకొన్న పిల్లలు సైతము ఈ పాఠము కడ తడబడి, తమకిక గణితము రాదని దిగులుపడుట కలదు. తల్లిదండ్రులు దీని స్వరూపమును కొంత యెరిగినచో ఆ దిగులును తీర్పగలరని తలచి ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

దీని మూలము మనకు క్రొత్తది కాదు. 9వ శతాబ్దమున రాష్ట్రకూటుల కాలమున మహావీరాచార్యుడు గణితసారసంగ్రహమును రచించెను. 11వ శతాబ్దమున పావులూరి మల్లన దానిని తెనిగించెను. మహావీరాచార్యుని గ్రంథమున నొక లెక్క కలదు. 9 మాదీఫలములు, 7 వెలగపండ్లు కలిపి వెల 107. 7 మాదీఫలములు, 9 వెలగపండ్లు కలిపి వెల 101. ఒక్కొక్క పండు వెల యెంత? రెంటిని కూడినచో 16 జతల వెల 208, అనగా జత 13. ఒకదానినుండి మరియొకటి తీసివేసినచో 2 మాదీఫలములు 2 వెలగపండ్లకంటె 6 ఎక్కువ, అనగా ఒకటికి 3 ఎక్కువ. కావున మాదీఫలము 8, వెలగపండు 5.

పాఠశాలలో ఇంతటితో లెక్క ముగియును. విశ్వవిద్యాలయమున ఇచ్చటనే మొదలగును. రెండవ మాటగా “18 మాదీఫలములు, 14 వెలగపండ్ల వెల 214” అని చెప్పినచో నేమగును? అది మొదటి మాటకు రెట్టింపే. క్రొత్త సంగతి లేదు, జవాబులు లెక్కకు మిక్కిలిగా వచ్చును. 214కు బదులు 220 అన్నచో రెండు మాటలకు పొత్తు కుదరదు, జవాబే లేదు. జవాబు కలదా, ఒక్కటియేనా, ఎందువలన అని విచారించుటయే ఈ శాస్త్రపు పని.

పండ్లు రెండైనచో కంటితోనే తెలియును. తెలియనివి నూరైనచో? అందులకే సంఖ్యలను అడ్డువరుసలుగను, నిలువువరుసలుగను పేర్తురు. దానిని మాత్రిక యందురు. ఆంగ్లమున ‘మాట్రిక్స్’ అను పేరును 1850లో సిల్వెస్టరు పెట్టెను. 1858లో కేలీ దాని గణితమును విపులముగా వివరించెను. మన మొదటి లెక్కలో 9×9 నుండి 7×7 తీసివేసినచో 32 వచ్చును. దీనిని నిర్ధారకమందురు. అది సున్న కానందున జవాబు ఒక్కటియే. రెండవ లెక్కలో 9×14 నుండి 7×18 తీసివేసినచో సున్న. చిక్కంతయు ఆ సున్నలోనే కలదు.

పిల్లలు తడబడుటకు కారణములు మూడు. మొదటిది, పన్నెండవ తరగతిలో బాణపు గుర్తుగా నేర్చిన సదిశకు ఇచ్చట అర్థము విశాలమగును. నియమముల ప్రకారము కూడుటకును, సంఖ్యతో హెచ్చించుటకును వీలైన వన్నియు సదిశలే. రెండవది, మాత్రికల గుణకారమున వరుస ముఖ్యము. బల్లపై నున్న పుస్తకమును పావుచుట్టు త్రిప్పి, పిదప ఎడమ అంచు పట్టి బోర్లించి చూడుడు. మరల ముందు బోర్లించి పిదప త్రిప్పి చూడుడు. పుస్తకము ఒకే తీరున నుండదు. మూడవది, లెక్క చేసిన చాలదు; ఉపపత్తి వ్రాయవలెను.

తెలుగు మాధ్యమమున చదివినవారికి పరభాషా పదముల భారము అదనము. అయినను వెరవ నవసరము లేదు. నేటి కర్ణాటకములోని హూవిన హడగలిలో 1920లో తెలుగు కుటుంబమున జన్మించిన కల్యంపూడి రాధాకృష్ణారావుగారు ఆంధ్ర విశ్వవిద్యాలయమున గణితము చదివి, సంఖ్యాశాస్త్రమున జగత్ప్రసిద్ధులైరి. నిర్ధారకము సున్నయైన మాత్రికకు మామూలు విలోమము ఉండదు. అట్టి చోటను ఉపకరించు ‘సాధారణీకృత విలోమము’పై సుజిత్ కుమార్ మిత్రాతో కలిసి 1971లో వారొక గ్రంథము వెలువరించిరి. మన పండ్ల లెక్క చిక్కుపడిన చోటునుండియే వారి బాట సాగినది. వారు 2023లో దివంగతులైరి.

తల్లిదండ్రులకు మా మనవి యిది. మొదటి పరీక్షలో మార్కులు తగ్గినంతనే పాఠ్యాంశమును మార్పింపకుడు. ప్రతి నిర్వచనమునకు సరిపడు ఉదాహరణము నొకటి, సరిపడని దానినొకటి వ్రాయుమని బిడ్డకు చెప్పుడు. వెక్టరు సదిశ, డిటర్మినెంటు నిర్ధారకము అని రెండు భాషల పదములను ఒక నోటుపుస్తకమున ప్రక్కప్రక్కన వ్రాయించుడు. రెండు, మూడు వరుసల మాత్రికలను యంత్రసాయము లేక చేతితో చేయవలెను. ఎం.ఐ.టి.లో ఆచార్యులుగా నుండిన గిల్బర్ట్ స్ట్రాంగు చేసిన ఉపన్యాసములు అంతర్జాలమున ఉచితముగా లభించును, అవియు ఉపకరించును.

మీకు గణితము రాకున్నను ఒక పని చేయగలరు. వారమునకొకమారు, ఆ వారము నేర్చినది ఇంట తెలుగున చెప్పుమని అడుగుడు. తల్లికి అర్థమగునట్లు చెప్పగలిగిన విద్యార్థికి ఆ పాఠము వచ్చినట్లే. చెప్పలేనిచో ఎచ్చట మరల చదువవలెనో తనకే తెలియును.